ఫొటో లేనివాళ్ళు

2017 డిసెంబరు మొదట్లో ఒక శనివారం. బయట చెన్నై ముసురు. ఆ పూట దుప్పటి ముసుగేసుకుని పడుకోవడం తప్ప నాకు వేరే కోరిక లేదు. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. వారం రోజులుగా ఒకటే గోల, 'కోకో' సినిమాకి తీసుకెళ్ళమని. క్లాసులో సగం మంది చూసేశారట. పేరు వింటే నాకు చాక్లెట్టు గుర్తొచ్చింది. పోస్టరు చూస్తే గిటారు పట్టుకున్న పిల్లాడు, చుట్టూ అస్థిపంజరాలు. పిల్లల సినిమాలో ఈ బొమికల గోలేంటి అనుకున్నాను.

బొమ్మల సినిమాలకి నేను అప్పటికే ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి పది నిమిషాలు కళ్ళు తెరిచి ఉండాలి, చివరి పది నిమిషాలకి లేవాలి. మధ్యలో ఏం జరిగిందో దార్లో పిల్లే చెప్పేస్తుంది. ఏసీలో రెండు గంటల నిద్ర. డబ్బులు దండగేం కాదు.

ఆ రోజు ఇంకో చిక్కొచ్చింది. నాన్న పొద్దున్నే ఏదో పెళ్ళికని నెల్లూరు వెళ్ళారు. మా ఆవిడకి శనివారం కూడా ఆఫీసే. నాయనమ్మని చూసుకునే అమ్మాయి రాలేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషిని ఒక్కదాన్నీ సాలిగ్రామం ఫ్లాట్‌లో వదిలి వెళ్ళలేం. అప్పటికే ఆవిడకి మతిమరుపు మొదలై రెండేళ్ళయింది. గ్యాస్ వెలిగించి మర్చిపోయేది, నన్ను పట్టుకుని మా నాన్న పేరుతో పిలిచేది. "అయితే తాతమ్మని కూడా తీసుకెళ్దాం" అని మా అమ్మాయి క్షణంలో తేల్చేసింది. నాయనమ్మ ట్రంకు పెట్టెలోంచి శాలువా తీసి కప్పుకుని, ఎక్కడికని కూడా అడక్కుండా వచ్చి సోఫాలో కూర్చుంది.

వడపళనిలో ఆర్కాట్ రోడ్డు మీద విజయా మాల్. కారు దిగాక నాయనమ్మ చుట్టూ చూసి, "ఇది వాహినీ కదూ?" అంది.

నాకు ఆశ్చర్యమేసింది. పొద్దున ఏం తిన్నదో గుర్తులేని మనిషి. మాల్ ఉన్న ఆ స్థలం నిజంగానే ఒకప్పటి విజయా వాహినీ స్టూడియోలది. నాగిరెడ్డిగారి సామ్రాజ్యం. "గేటు ఎటుపోయిందిరా? గూర్ఖా ఉండేవాడు" అని ఆవిడ వెతుకుతోంది. ఆ గేటు ముందు ఆవిడ చాలాసార్లు క్యారియర్ పట్టుకుని నిలబడింది మరి.

మా తాతయ్య తెనాలి దగ్గర పల్లె నుంచి 1952లో మదరాసు వచ్చాడు. స్టూడియోల్లో సెట్లకి రంగులేసే పని. హీరో వెనకాల కనిపించే ఆకాశం, రాజమహలు స్తంభాల మీద పాలరాతి చారలు, అడవి చెట్లు, అలాంటివన్నీ. 'మాయాబజార్'కి కూడా తాతయ్యే రంగులేశాడని నాయనమ్మ గట్టిగా చెప్పేది. "ఏమోరా, ఆవిడకి అన్ని సినిమాలూ మాయాబజారే" అని నాన్న నవ్వేవారు. తేల్చుకోవడానికి దారి లేదు. తెర మీద పేర్లు వేసేటప్పుడు రంగులేసేవాళ్ళ దాకా ఎవరొస్తారు? ఆయన 1981లో పోయాడు, నాకు మూడేళ్ళప్పుడు. నాకు గుర్తున్నది టర్పెంటైన్ వాసనొక్కటే. అది కూడా నిజంగా గుర్తో, వింటూ వింటూ గుర్తనుకున్నదో.

ఒక్కటి మాత్రం నాయనమ్మ ఎప్పుడూ చెప్పేది. అప్పటి సినిమాలు నలుపూ తెలుపూ కదా, కానీ సెట్ల మీద రంగులు ఉండేవి. ఏ రంగేస్తే తెర మీద ఎంత బూడిద రంగు వస్తుందో చూసుకుని వేసేవాళ్ళట. తాతయ్య సాయంత్రం ఇంటికొస్తే గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ, మోచేతుల మీద గులాబీ. ఆ రంగుల్ని మదరాసులో చూసినవాళ్ళు ఫ్లోర్లో పనిచేసేవాళ్ళూ, బట్టలుతికిన నాయనమ్మా. 2010లో 'మాయాబజార్'కి కంప్యూటరుతో రంగులద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆవిణ్ణి తీసుకెళ్ళాం. ఊరంతా ముచ్చటపడింది. ఈవిడ మాత్రం ఏదో మేడ గోడ రాగానే, "ఆ రంగు కాదురా అది" అని మొహం చిట్లించింది. ఏ రంగో చెప్పవే అంటే చెప్పలేదు. అది కాదని మాత్రం తెలుసు.

సరే, సినిమా.

హాల్లోకి వెళ్ళి కూర్చున్నాం. మధ్యలో మా అమ్మాయి, అటు నాయనమ్మ, ఇటు నేను. సినిమా ఇంగ్లీషులో. నాయనమ్మకి తెలుగొచ్చు, అరవై ఏళ్ళ మదరాసు కాపురం వల్ల తమిళం ధారాళంగా వచ్చు, ఇంగ్లీషు రాదు. అందుకని మా అమ్మాయి చెవిలో కథ చెప్పడం మొదలుపెట్టింది. నా నిద్ర అక్కడే చెడింది. గుసగుస అనుకుని అది చెప్పే మాటలు మూడు వరసల దాకా వినిపిస్తున్నాయి.

"తాతమ్మా, వాళ్ళింట్లో పాటలు పాడకూడదంట. వాళ్ళ తాతమ్మ వాళ్ళ నాన్న ఎప్పుడో పాటల కోసం ఇల్లొదిలి వెళ్ళిపోయాడంట. అందుకని అందరూ చెప్పులే కుట్టాలంట."

"మంచి పనే" అంది నాయనమ్మ.

మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ళ పండగ చేస్తారు. ఇంట్లో మెట్లు మెట్లుగా బల్ల అమర్చి, పెద్దల ఫొటోలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి పెట్టి, పూలు చల్లుతారు. ఆ రాత్రి పెద్దలు ఇంటికొస్తారని నమ్మకం. మిగెల్ అనే పన్నెండేళ్ళ పిల్లాడు ఆ రాత్రి పొరపాటున పెద్దల లోకంలోకి వెళ్ళిపడతాడు. తెల్లవారేలోపు ఇంటివాళ్ళ దీవెన తీసుకుని వెనక్కి రాకపోతే వాడూ అక్కడే ఉండిపోవాలి. రెండు లోకాల మధ్య ఒక వంతెన ఉంటుంది, మొత్తం బంతిపూల రేకులతో. అది మొదటిసారి తెర మీదకి వచ్చినప్పుడు నేను ఫోను జేబులో పెట్టేశాను.

ఎందుకంటే చచ్చిపోయినవాళ్ళ ఊరని చెప్పి అంత రంగు చూపిస్తారని నేను అనుకోలేదు. చీకటి, పొగ, ఎర్ర కళ్ళు, ఇవే నాకు తెలిసిన పరలోకం. ఇక్కడ కొండల్లాగా ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఇళ్ళు, ఇంటింటికీ దీపం, ట్రాములు, బాజాలు. ఎముకల మనుషులు టోపీలు సర్దుకుంటూ పండక్కి ఊరికి బయల్దేరుతున్నారు, మన సంక్రాంతి రద్దీలో కోయంబేడు బస్టాండు లాగా. పైగా ఇమిగ్రేషన్ కౌంటరొకటి. ఇంట్లో మీ ఫొటో పెట్టారో లేదో చూసి వదులుతారు. పెట్టలేదంటే వెనక్కి పొమ్మంటారు. హెక్టర్ అనే మనిషి అట్లా వెనక్కి పోతూనే ఉంటాడు, ఏటా. బతికున్నవాళ్ళలో ఆఖరి మనిషి కూడా మర్చిపోతే అక్కడ కూడా ఉండరు, మాయమైపోతారు. అదీ అక్కడి కానూను.

మా అమ్మాయి ఇదంతా చెవిలో చెప్పింది. నాయనమ్మ ఈసారి మంచి పనే అనలేదు. తెర మీదే చూపు పెట్టి అంది:

"మరి ఫొటోలు లేనివాళ్ళో? మా అమ్మకి ఫొటో లేదే."

మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ముందు వరసలో ఎవరో తమిళాయన వెనక్కి తిరిగి చూశాడు, విసుగో జాలో తెలియలేదు.

సినిమాలో లోపాలు లేవని అనను. దొంగ ఎవరో నాకు సగంలోనే తెలిసిపోయింది. స్నేహితుడి చేతికి విషం కలిపిన గ్లాసిచ్చి, వాడి పాటలన్నీ కాజేసి పెద్ద గాయకుడైపోవడం, ఇది మన రాజనాల ఏనాడో చేసేసిన పని. రెక్కలున్న ఆ పెద్ద పులిపిల్లి లేకపోయినా కథకి నష్టం లేదు. కానీ గిటారు వాయించేటప్పుడు వేళ్ళు చూశాను. ఊరికే తీగల మీద ఆడించినట్టు లేవు. స్వరం ఎక్కడుంటే వేలు అక్కడే పడుతోంది. తీసినవాళ్ళు నిజం వాయిద్యగాళ్ళ చేతుల్ని దగ్గర్నించి వీడియో తీసి చూసుకున్నారని తర్వాత చదివాను. కనిపిస్తుందో లేదో తెలియని చోట కూడా సరిగ్గా వేయడం, అది మా తాతయ్య జాతి పనే.

ఇంక చివర. మిగెల్ వాళ్ళ తాతమ్మ పేరే కోకో. పెద్దగా మాటా పలుకూ లేకుండా కుర్చీలో కూర్చుని ఉంటుంది సినిమా అంతా. పిల్లాడు ఇంటికి పరిగెత్తుకొచ్చి, ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న పాడిన పాట ఎత్తుకుంటాడు. ముడతలు పడ్డ మొహం, బోసినోరు, మంచు పట్టినట్టున్న కళ్ళు. బొమ్మని తెలిసి కూడా నాకు గొంతు పట్టేసింది. హాల్లో పాప్‌కార్న్ చప్పుడు కూడా లేదు. అప్పుడు నాయనమ్మ, మామూలు గొంతుతో, గట్టిగా:

"ఆ ముసల్దానికి దప్పికేస్తున్నట్టుంది. పిల్లాడు పాట తర్వాత పాడొచ్చు. ఎవరన్నా కాసిన్ని మంచినీళ్ళివ్వరేం?"

నేను పాప్‌కార్న్ ఉప్పు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. ఇంకా మండాయి.

ఆ సినిమాకి తర్వాతి మార్చిలో రెండు ఆస్కార్లు వచ్చాయి, యానిమేషన్‌కి ఒకటి, ఆ పాటకి ఒకటి. పిక్సార్ వాళ్ళ కోసం లీ అంక్రిచ్ తీశాడు. తోడుగా ఏడ్రియన్ మొలీనా. అమెరికాలో కంటే ముందే, పండగకి కొద్ది రోజుల ముందు, మెక్సికోలో విడుదల చేశారు. అంతకుముందు 2013లో ఆ పండగ పేరుని పిక్సార్ యజమాని డిస్నీ ట్రేడ్‌మార్క్ చేసుకోబోతే అమెరికాలో ఉన్న మెక్సికన్ మూలాలవాళ్ళు గొడవ చేశారట, డిస్నీవాళ్ళు వెనక్కి తగ్గారట. అప్పుడు తిట్టిపోస్తూ కార్టూన్ గీసినాయన్నే తర్వాత సలహాదారుగా పెట్టుకున్నారు. ఈ ముక్క నాకు చాలా నచ్చింది. మన దీపావళి పేరుని ఎవడో రిజిస్టరు చేసుకుంటానంటే ఊరుకుంటామా?

ఆదివారం పొద్దున లేచేసరికి మా అమ్మాయి చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది. బంతిపూలు కావాలట. వడపళని గుడి వీధికి తీసుకెళ్ళాను. పూలమ్మే ఆవిడ "చెండుమల్లియా?" అంది. చెండన్నా బంతన్నా ఒకటే కదా. రెండు భాషలవాళ్ళూ పువ్వుని చూసి ఆడుకునే బంతే అనుకున్నారన్నమాట. అరకిలో కొన్నాం. ముందు రోజు రాత్రి నేను ఫోనులో వెతుక్కుంటుంటే ఇంకో సంగతి తెలిసింది. ఆ పువ్వు అసలు మెక్సికో వైపు నుంచే వచ్చింది. మన దసరా గుమ్మాలకీ, గొబ్బెమ్మల నెత్తినా ఉండే బంతి! పోర్చుగీసు ఓడలెక్కి వచ్చి, ఇక్కడే పుట్టినట్టు కలిసిపోయింది. అరవైల్లో తెనాలి నుంచి వచ్చి మదరాసువాళ్ళమైపోయిన చుట్టాలు మాకు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళు గుర్తొచ్చారు.

మా అమ్మాయి రేకులన్నీ పీకి, నాయనమ్మ మంచం దగ్గర మొదలుపెట్టి, హాలు దాటించి, గుమ్మం బయట లిఫ్టు దాకా బాట వేసింది. పెద్దవాళ్ళు లిఫ్టులో వస్తారని దాని ఉద్దేశం. పావుగంటలో ఎదురింటి మామి తలుపు తీసి "అయ్యో, ఎన్న ఇదు" అంటూ వాచ్‌మన్‌ని పిలవడం, అతను చీపురుతో లిఫ్టు దాకా ఊడ్చేయడం అయిపోయాయి. మా గుమ్మం లోపలి సగమే మిగిలింది. మా అమ్మాయి ఏడ్చింది. "లిఫ్టు దాకా వచ్చినవాళ్ళకి నాలుగడుగులు నడవడం కష్టమా?" అని నాయనమ్మ ఓదార్చింది.

నాన్న అర్ధరాత్రి దాటాక నెల్లూరు నుంచి వచ్చి ఆలస్యంగా లేచారు. కాఫీ గ్లాసు పట్టుకుని రేకుల మీద నుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి, ఏంటిదంతా అన్నారు. మనవరాలు కథ మొత్తం చెప్పింది. ఆయన అడ్డు చెప్పకుండా విన్నారు. చివర్లో అది అడిగింది, "తాతయ్యా, తాతమ్మ వాళ్ళమ్మకి ఫొటో లేదంట. మరి ఆవిడని రానివ్వరా?"

"మనకి ఫొటో అక్కర్లేదే. పేరూ గోత్రం చాలు. మహాలయ అమావాస్యకి నేను నువ్వులూ నీళ్ళూ వదుల్తాను చూడు, పేరు చెప్పి వదుల్తాం. అంతే."

"పేరు కూడా తెలియకపోతే?"

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టారు. "దానికీ ఉంది. అందరికీ అయిపోయాక చివర్లో ఒక దోసిలి వదుల్తాం. అమ్మా నాన్నా అన్నదమ్ములూ బిడ్డలూ ఎవరూ లేనివాళ్ళకి, తలుచుకునే దిక్కు లేనివాళ్ళకి. ఎవరైనా సరే, ఏ గోత్రమైనా సరే."

"హెక్టర్‌కి కూడానా?"

"ఎవరమ్మా ఆయన?"

"సినిమాలో ఆయన. మెక్సికో."

నాన్న ఒక్క క్షణం ఆలోచించారు. "ఆయనకి కూడా" అన్నారు.

నేను చిన్నప్పటి నుంచీ ఏటా ఆ తర్పణాలు చూస్తున్నాను. బాల్కనీలో తూము పక్కన పీట, రాగి చెంబు, దర్భలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారే నల్ల నువ్వుల నీళ్ళు. పంతులుగారు అరగంటలో మైలాపూర్ కోనేరు దగ్గరికి వెళ్ళాలని తొందరపెడతారు, అక్కడ ఆ రోజు జాతరంత జనం. అన్నీ చూశాను. ఆ చివరి దోసిలి ఎవరికని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడగడానికి మా ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లా, ఒక బొమ్మల సినిమా కావలసి వచ్చాయి.

మా అమ్మాయి నోటు పుస్తకం తెచ్చుకుంది. అందరి పేర్లూ రాస్తుందట. ముందు నాయనమ్మ దగ్గర కూర్చుంది.

"తాతమ్మా, మీ అమ్మ పేరేంటి?"

"అమ్మ" అంది నాయనమ్మ.

"అది కాదు. పేరు."

"అమ్మని పేరు పెట్టి ఎవరు పిలుస్తారే?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. వెతుక్కుంటోందని మాకు తెలుస్తూనే ఉంది. శాలువా కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. రావట్లేదు. ఆవిడకి భయం వేసింది, నేను ఆ మొహంలో అంతకుముందెప్పుడూ భయం చూడలేదు. "ఉండండి, ఉండండి, తెల్లగా ఉండేది, ముక్కుపుడక..." అంటోంది.

నేను నాన్న వైపు చూశాను. ఆయనా బుర్ర గోక్కుంటున్నారు. అమ్మమ్మ పేరు కదా, ఆయనకి తెలిసుండాలి. "నాకు రెండేళ్ళప్పుడే పోయింది. అమ్మమ్మ అనే అన్నాంరా అందరం..." అన్నారు. అని, ఉన్నట్టుండి చెయ్యెత్తి మమ్మల్ని ఆపారు. కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, కుడిచేతి బొటనవేలు పక్కకి వంచి, మంత్రం అందుకున్నారు. మొదట తండ్రి, వసురూపం. తాత, రుద్రరూపం. ముత్తాత, ఆదిత్యరూపం. తర్వాత నాయనమ్మలు. తర్వాత అమ్మ తరఫు తాతలు ముగ్గురూ. ఆగకూడదు, ఆగితే పోతుంది. పదమూడో ఎక్కం మధ్యలో అడిగితే రాదు, మొదటి నుంచి చదివితే వస్తుంది చూడండి, అట్లా. ఆ వరస నడుస్తూ నడుస్తూ మాతామహి, అంటే అమ్మమ్మ, దగ్గరికి వచ్చింది, పేరు దానంతటదే నాలుక మీద పడింది.

నాన్నే కళ్ళు తెరిచి తెల్లబోయి చూశారు. ముప్పై ఆరేళ్ళుగా ఏటా ఆ పేరు చెప్తున్నారు. మంత్రం బయట ఆయన ఆ పేరు పలకడం నాకు తెలిసి అదే మొదటిసారి. మా అమ్మాయి రాసుకుంది. ఇక్కడ నేను రాయను, అది ఆ నోటు పుస్తకంలో ఉంది, చాలు.

నాయనమ్మ ఆ పేరు రెండుసార్లు లోపల్లోపల అనుకుంది. మొహం మెల్లగా విచ్చుకుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"అవును గానీ, అది పెళ్ళి శుభలేఖల్లో పేరురా. ఊళ్ళో ఎవరూ అట్లా అనేవాళ్ళు కాదు. చిన్నమ్మాయీ అనేవాళ్ళు. ముసలిదైపోయాక కూడా చిన్నమ్మాయే. ఇన్నేళ్ళూ నువ్వా పేరుతో పిలుస్తుంటే తనని కాదనుకుని ఉంటుంది. వచ్చే ఏడు చిన్నమ్మాయీ అని కూడా అను."

"మంత్రంలో అట్లా కుదరదమ్మా."

"కుదుర్చుకో."

ఆ సంగతి నాయనమ్మ సాయంత్రానికే మర్చిపోయింది. రేకుల్ని చూసి పూలన్నీ ఎవరు తొక్కారని కోప్పడింది కూడా. నాన్న మాత్రం మర్చిపోలేదు. 2018 మహాలయ అమావాస్య పొద్దున, బాల్కనీలో పీట మీద కూర్చుని, వరసగా చెప్పుకుంటూ వచ్చి, మాతామహి దగ్గర గోత్రం, పేరు చెప్పి, చెంబు వంచబోతూ ఆగి, గొంతు తగ్గించి ఇంకో మాట కలిపారు. పంతులుగారు చదవడం ఆపి నాన్న వైపు చూశారు. ఏమీ అడగలేదు. తర్వాతి పేరు అందుకున్నారు.